పచ్చికలో కలుపు మొలవకముందే వేసే మందు: వేసినా కలుపు ఎందుకు లేస్తోంది?

గడ్డిపోచ

అందరికీ నమస్కారం. మా పచ్చిక సుమారు 100 చదరపు మీటర్లు. గరిక జాతి హైబ్రిడ్ గడ్డి, రోజంతా ఎండ తగిలే చోటు. ఏటా వేడి మొదలవగానే కలుపు పుట్టుకొస్తుంది, పీకిన చోటే మళ్లీ లేస్తుంది. కలుపు మొలవకముందే వేసే మందుతో ఈ బెడద వదిలిపోతుందని చాలాచోట్ల చదివి, ఈసారి పెండిమిథాలిన్ పిచికారీ చేశాను. మోతాదు డబ్బా మీద చెప్పినట్టే. కొన్ని వారాలు పచ్చిక అద్దంలా ఉంది. ఇప్పుడు నడిమధ్యలో నిగనిగలాడుతూ ఒక కలుపు, బాట అంచుల వెంబడి ఇంకో రకం గడ్డి లేస్తున్నాయి.

మందు నకిలీదా? మోతాదు పెంచి మళ్లీ కొట్టాలా? ఇంతకంటే ఘాటైన మందు ఏదైనా ఉందా? ఇంట్లో పిల్లలు, కుక్క ఉన్నాయి, అదీ చూసుకోవాలి.

తూనికరాయి

నకిలీ అని తేల్చేముందు నాలుగు సంగతులు చెప్పండి. లేచినది ఏ కలుపు? మందు ఎప్పుడు వేశారు, అప్పటికి నేల ఎంత వేడెక్కింది? వేశాక ఎన్నాళ్లకు, ఎంత నీరు పెట్టారు? స్ప్రేయర్‌ను ముందుగా కొలిచి చూశారా, లేక ఉజ్జాయింపుగా కలిపి కొట్టారా?

ఈ నాలుగూ తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది చీకట్లో రాయి విసరడమే. మోతాదు మాత్రం పెంచకండి.

మట్టివాసన

ఈ మందుల పని తీరు తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

విత్తనం మొలకెత్తకుండా ఇవి ఆపుతాయని చాలామంది అనుకుంటారు. అలా ఆపవు. విత్తనం మామూలుగానే పగులుతుంది, తల్లివేరు బయటికి వస్తుంది. ఆ లేత వేరు మందున్న పొరను తాకినప్పుడు కథ మారుతుంది. పెండిమిథాలిన్, ప్రోడయమీన్ వంటివి డైనైట్రోఅనిలిన్ కుటుంబానికి చెందినవి. కణం రెండుగా విడిపోవడానికి లోపల మైక్రోట్యూబ్యూళ్లు అనే సన్నటి గొట్టాలు ఏర్పడాలి. ఈ మందులు వాటిని ఏర్పడనివ్వవు. కణవిభజన ఆగిపోతుంది, వేరు పొడవు పెరగదు, కొన మాత్రం ఉబ్బుతుంది. మందు వేసిన చోట మోకాళ్ల మీద కూర్చుని, రెండాకుల మొలకను పటకారుతో మెల్లగా లాగి చూడండి. వేరుకు పక్కవేళ్లు ఉండవు, కొన మొద్దుబారి గుండ్రంగా ఉంటుంది. ఆకు ఊదారంగుకు తిరిగి, నీరందక నాలుగు రోజుల్లో వాడిపోతుంది. మందు పని చేసిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

దీన్నిబట్టి మూడు విషయాలు తేలుతాయి. ఒకటి, మొలక వేరు దిగి నిలదొక్కుకున్నాక ఈ మందు దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. అప్పుడు కొట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండు, మందు ఆకు మీద కాదు, నేల పైపొరలో ఉండాలి. పెండిమిథాలిన్ లీటరు నీటిలో మూడోవంతు మిల్లీగ్రామైనా కరగదు. ప్రోడయమీన్ దానికంటే చాలా తక్కువ. కాబట్టి అవి లోతుకు జారిపోవు, పైన ఒకటి రెండు సెంటీమీటర్లలోనే మట్టిని పట్టుకుని ఉంటాయి. అక్కడికి చేరాలంటే మాత్రం నీరు పెట్టాలి. పెట్టకపోతే పెండిమిథాలిన్ కొంత ఆవిరైపోతుంది, కొంత ఎండకు విరిగిపోతుంది. మూడు, ఇది విత్తనం నుంచి వచ్చే మొలకల కోసం చేసిన మందు. దుంపల నుంచి, పాత వేళ్ల నుంచి లేచే కలుపుకు దీనితో పెద్దగా పనిలేదు.

మీ నడిమధ్య నిగనిగలాడే కలుపు మీద నాకున్న అనుమానం ఈ మూడోదే.

నీడచెట్టు

100 చదరపు మీటర్ల పచ్చికకు ఇంత రసాయనశాస్త్రమా! గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ? వారానికోసారి ఒక అరగంట కూర్చుని పీకితే సరిపోతుంది. గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచండి, నేలకు ఎండ తగలకపోతే సగం విత్తనాలు లేవవు. పిల్లలు ఆడుకునే చోట ఈ మందులు నాకు నచ్చవు.

తూనికరాయి

నీడచెట్టు గారూ, ఎత్తు విషయంలో మీరన్నది నిజం, కానీ ఏ గడ్డి అన్నది చూడాలి. టాల్ ఫెస్క్యూ వంటి చలి ప్రాంతాల గడ్డిని 7–8 సెంటీమీటర్లు పెంచితే దాని నీడలో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి బాగా తగ్గుతుంది. వీరిది గరిక జాతి. దాన్ని ఎత్తుగా వదిలేస్తే కింది కాడలు బోడిగా మారి, పచ్చదనం పైనే మిగులుతుంది. ఒక్కసారి కిందికి కోశారంటే గోధుమరంగు మచ్చలే. దానికి తరచుగా, పొట్టిగా కోయడమే దట్టం చేసే దారి.

గడ్డిపోచ

స్పందించిన అందరికీ ధన్యవాదాలు. అడిగినవన్నీ చెబుతాను.

నడిమధ్య కలుపు: ఆకు సన్నగా, మైనం పూసినట్టు మెరుస్తుంది. పచ్చికను కోసిన రెండో రోజుకే మిగతా గడ్డిని దాటి పైకి లేస్తుంది. కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలుగా తగిలింది. సన్నటి తాపీతో తవ్వి చూశాను. కింద నల్లటి గింజంత దుంప, దాని నుంచి దారంలాంటి వేరు, కాస్త దూరంలో ఇంకో దుంప, ఆపైన మరొకటి. పూసలు గుచ్చిన దండలా ఉంది.

అంచుల వెంబడిది: ఆకు వెడల్పు, లేత ఆకుపచ్చ. కాడ మొదట్లో ఊదారంగు, నూగు ఉంది. నేలకు అంటుకుని నాలుగు వైపులా పరుచుకుంటోంది. దీనికి దుంప లేదు, మామూలు వేళ్లే.

నీరు మరునాడు ఉదయం పెట్టాను, ఎంతన్నది కొలవలేదు. అంచుల వెంబడి జానెడు మేర మందు పడలేదు, బాట రాళ్లకు పసుపు మరకలు పడతాయని కావాలనే వదిలేశాను.

పార_పలుగు

మూడు పలకల కాడ, దండలా దుంపలు అన్నారంటే అది తుంగ. ఇంకో మాట లేదు. మీ మందు నకిలీది కాదు. తుంగను ఆపుతానని అది ఎన్నడూ చెప్పలేదు. డబ్బా మీద ఏయే కలుపును అదుపు చేస్తుందో జాబితా ఉంటుంది, ఆ జాబితాలో తుంగ పేరు వెతకండి.

తుంగ దుంపలో పిండిపదార్థం నిలవ ఉంటుంది. మొలక ఆ బలంతో మందు పొరను చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. పైన ఆకులు లాగేస్తే ఇంకా చేటు. దండలో పై దుంప మొలక తెగిపోగానే, అంతవరకు నిద్రపోతున్న కింది దుంపలు లేస్తాయి. ఒకటి పీకిన చోట మూడు కనిపించడం అందుకే. పీకదలిస్తే దుంపలతో సహా తవ్వాలి, చాలావరకు పై 15 సెంటీమీటర్లలోనే ఉంటాయి. పది మొక్కలైతే తవ్వండి. పచ్చికంతా పాకి ఉంటే తుంగకని ప్రత్యేకంగా ఉన్న హాలోసల్ఫ్యూరాన్ వంటి మందు పచ్చి ఆకు మీద కొట్టాలి. కొట్టడానికి రెండు రోజుల ముందు, తరువాత రెండు రోజులు గడ్డి కోయకూడదు, ఆకు ఉంటేనే మందు దుంపకు చేరుతుంది. రెండు మూడు వారాలకు పసుపెక్కడం కనిపిస్తుంది, తొందరపడి మళ్లీ మళ్లీ కొట్టకండి. ఒక్క ఏడాదిలో అయిపోయే పనీ కాదు.

అంచుల మీదిది మీ వర్ణన ప్రకారం క్రాబ్‌గ్రాస్. అది విత్తనం గడ్డి, మందు పడి ఉంటే ఆగేది. కలుపు ముందుగా లేచేది కూడా అంచుల దగ్గరే. కాంక్రీటు వేడిని పట్టి ఉంచుతుంది, పక్క నేల మిగతాదానికంటే ముందే వెచ్చబడుతుంది. పైగా దారపు యంత్రంతో అంచులు కత్తిరించేవారు అక్కడి గడ్డిని బోడి చేసి పెడతారు. కాబట్టి మందు అన్నిటికంటే అవసరమైన జానెడు అదే. మరకల భయం ఉంటే ఒక చేత్తో అట్టముక్క అడ్డుపెట్టి కొట్టండి. లేదంటే అంచులకు గుళికల మందు వాడి, బాట మీద పడినవి చీపురుతో పచ్చికలోకే ఊడ్చేయండి.

చిగురు

కొత్త సభ్యుణ్ణి. గడ్డిపోచ గారి దగ్గర ఇప్పుడు లేచిన క్రాబ్‌గ్రాస్‌ను ఏం చేయాలి మరి? వచ్చే ఏడాది వరకు చూస్తూ ఉండడమేనా?

పార_పలుగు

పిలకలు వేసిందా లేదా అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఒంటి కాడగా, మూడు నాలుగు ఆకులతో ఉంటే డైథయోపైర్ పని చేస్తుంది. మొలవకముందు వేసే మందే అయినా లేత మొలకనూ చంపగలదు కాబట్టి, కాస్త ఆలస్యమైనవారికి అది అక్కరకొస్తుంది. పిలకలు వేశాక దానికీ లొంగదు. అప్పుడు క్విన్‌క్లోరాక్ వంటి మొలిచాక కొట్టే మందు, లేదా చేత్తో పీకడం. ఒక్క జానెడు అంచు కోసమైతే నేను చేత్తోనే పీకుతాను, నీడచెట్టు గారు సంతోషిస్తారు. చేతివేళ్లలాంటి కంకులు బయటికి రాకముందే పీకాలి. బాగా పెరిగిన ఒక్క మొక్క లక్షకు పైగా విత్తనాలు రాల్చగలదు, అవి మట్టిలో కొన్నేళ్లు బతికే ఉంటాయి.

వానపాము

నేను చలి ప్రాంతంలో ఉంటాను, నాది కెంటకీ బ్లూగ్రాస్. మందు వేసే సమయం గురించి ఒక మాట.

క్యాలెండర్ చూసి మందు వేయడం మానేయండి. ఒక ఏడాది వసంతం తొందరగా వస్తుంది, మరో ఏడాది వారాల తరబడి ఆలస్యమవుతుంది. విత్తనానికి తేదీ తెలియదు, నేల వేడి తెలుసు. క్రాబ్‌గ్రాస్ విత్తనాలు పైనేల సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, కొన్ని రోజులు అక్కడే నిలిస్తే మొలకెత్తడం మొదలుపెడతాయి. మందు అప్పటికే నేలలో ఉండాలి, అంటే ఒకటి రెండు వారాల ముందు వేసి నీరు పెట్టాలి. వంటింటి థర్మామీటర్‌నైనా మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు గుచ్చి, ఉదయం పూట చూస్తే లెక్క దొరుకుతుంది. ఎండ పడే చోట, నీడ పడే చోట, బాట పక్కన విడివిడిగా చూడండి, తేడా చూసి ఆశ్చర్యపోతారు. చలి దేశాల్లో పాతకాలపు తోటమాలులు ఫోర్సితియా పొద పసుపు పూలను గుర్తుగా పెట్టుకుంటారు. పూలు రాలేలోపు మందు పడాలంటారు. ఉజ్జాయింపుగా పనికొస్తుంది కానీ, ఆ పొద ఎండలో ఉందా నీడలో ఉందా అన్నదాన్నిబట్టి అదీ మోసం చేస్తుంది. నా ఓటు థర్మామీటర్‌కే.

ఇంకొకటి. అన్ని కలుపులూ వసంతంలోనే లేవవు. పోవా ఆన్యువా అనే పొట్టి గడ్డి శరదృతువులో, నేల వేడి 21 డిగ్రీల కిందికి దిగుతున్నప్పుడు మొలుస్తుంది. చలికాలమంతా చిన్నగా ఉండి, వసంతంలో తెల్లటి కంకులతో కనబడుతుంది. అప్పుడు కంగారుపడి మొలవకముందు మందు వేసేవారిని ఎందరినో చూశాను. ఆరు నెలలు ఆలస్యంగా వేయడం అది.

మైదానం_కాపరి

నేను ఆటస్థలాల పచ్చిక చూసుకుంటాను. వానపాము గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. గూస్‌గ్రాస్ అని ఒకటుంది, రాగి మొక్కకు దగ్గరి చుట్టం. మధ్యలో వెండిలా తెల్లగా, కాలితో తొక్కి అణచినట్టు నేలకు అంటుకుని ఉంటుంది. జనం నడిచి గట్టిపడిన నేలంటే దానికి మహా ఇష్టం. అది క్రాబ్‌గ్రాస్ తరువాత కొన్ని వారాలకు మొలుస్తుంది. తొలి మందు అప్పటికి పలచబడిపోయి ఉంటుంది. అందుకే లేబుల్ అనుమతిస్తే మొత్తం మోతాదును రెండు సగాలు చేసి, మొదటి సగం సమయానికి, రెండోది ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత వేస్తాం. మొత్తం పెరగదు, కాపు కాసే కాలం మాత్రం పెరుగుతుంది. నేల వేడెక్కిన కొద్దీ సూక్ష్మజీవులు మందును తొందరగా విరగ్గొడతాయి కాబట్టి, వేడి ప్రాంతాల్లో ఈ రెండో విడత మరీ ముఖ్యం.

ఏటా ఒకే మందు కొట్టేవారికి ఒక హెచ్చరిక. ఈ గూస్‌గ్రాస్‌లోనే డైనైట్రోఅనిలిన్‌లకు లొంగని రకం అమెరికాలోని దక్షిణ కరొలైనా పత్తిచేలలో 1973లో బయటపడింది. కారణం ఏమిటో 1998లో తేలింది. మైక్రోట్యూబ్యూళ్లను కట్టే ఆల్ఫా ట్యూబ్యులిన్ ప్రొటీన్‌లో 239వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే, మందుకు పట్టు దొరకలేదు. అలాంటి రకం ఉన్న చోట పెండిమిథాలిన్ మానేసి ప్రోడయమీన్ వేస్తే మార్పు చేసినట్టు కాదు. డబ్బా మీద గ్రూపు నంబరు చూడండి, మందు పని చేసే తీరునుబట్టి ఇచ్చే నంబరు అది. పెండిమిథాలిన్, ప్రోడయమీన్, డైథయోపైర్ మూడూ 3వ గ్రూపే. మొలవకముందే వేసే వేరే మందుల్లో ఆక్సాడయజాన్ 14, ఇండజిఫ్లామ్ 29. మార్చడమంటే నంబరు మార్చడం.

తూనికరాయి

గడ్డిపోచ గారూ, నీటి సంగతి, కొలత సంగతి ఇప్పుడు నేను చెబుతాను. తుంగ, అంచుల సంగతి తేలింది కానీ వచ్చే విడతకైనా ఇది పనికొస్తుంది.

లేబుల్ మీద హెక్టారుకు 3.3 లీటర్లని ఉందనుకుందాం. హెక్టారు 10,000 చదరపు మీటర్లు, మీది 100. అంటే మీకు కావలసింది 33 మిల్లీలీటర్లు. అంతవరకు అందరూ చేస్తారు. తప్పేది ఎక్కడంటే, ఆ 33 మిల్లీలీటర్లు ఎన్ని నీళ్లలో కలపాలన్న దగ్గర. స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు పోసి, 10 చదరపు మీటర్లు గీత గీసుకుని, మీ మామూలు నడకతో కొట్టండి. ఎన్ని నీళ్లు తగ్గాయో కొలవండి. అర లీటరు తగ్గితే 100 చదరపు మీటర్లకు 5 లీటర్లు. ఆ 5 లీటర్లలో 33 మిల్లీలీటర్లు కలిపితే లెక్క సరి. ఈ పరీక్ష చేయకపోతే సగం పచ్చికకే డబ్బా ఖాళీ అవుతుంది, లేదా అంతా కొట్టాక ఇంకా రెండు లీటర్లు మిగులుతుంది. మిగిలినదాన్ని ఎక్కడ పోయాలో తోచక పచ్చిక మీదే రెండోసారి కొడతారు. అక్కడ గడ్డి దెబ్బతింటుంది.

నాజిల్ విసనకర్రలా పరుచుకునే రకం పెట్టండి. ఒకసారి తూర్పు పడమరలుగా, ఒకసారి ఉత్తర దక్షిణాలుగా, సగం సగం కొట్టండి. గుళికలకూ ఇదే పద్ధతి. కలుపు గీతలు గీతలుగా లేచిందంటే మందు గీతలు గీతలుగా పడిందని అర్థం.

నీరు సుమారు 12 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు 12 లీటర్లు, మీ పచ్చికకు 1200 లీటర్లు. గొట్టంతో పైపైన చిలకరిస్తే అంత పడదు. నిలువు గోడలున్న డబ్బాలు నాలుగు చోట్ల పెట్టి, స్ప్రింక్లర్ తిప్పి, ఎంతసేపటికి 12 మిల్లీమీటర్లు నిండుతుందో ఒకసారి చూసి పెట్టుకోండి. ఆ సమయం తెలిస్తే చాలు, ప్రతిసారీ కొలవక్కర్లేదు. చినుకులు పడే రోజు ముందు సాయంత్రం మందు వేస్తే ఈ శ్రమే ఉండదు. కుండపోత ముందు మాత్రం వద్దు, వాలు నేలల్లో మందు మట్టితో సహా కొట్టుకుపోతుంది.

చిగురు

నా పచ్చికలో బోడి మచ్చలు చాలా ఉన్నాయి. మందు వేసి, అదే వారంలో గడ్డి విత్తనం కూడా చల్లితే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి కదా?

మట్టివాసన

చిగురు గారూ, ఆగండి! మందుకు మీ విత్తనమని, కలుపు విత్తనమని తేడా తెలియదు. రెండింటి వేళ్లనూ ఒకేలా మొద్దుబారుస్తుంది. ప్రోడయమీన్ వేసిన నేలలో మళ్లీ విత్తాలంటే మోతాదునుబట్టి నెలల తరబడి ఆగాలి, ఎన్నాళ్లన్నది లేబుల్ మీదే ఉంటుంది.

విత్తక తప్పదంటే కొన్ని దారులున్నాయి. చలి ప్రాంతాల గడ్డి రకాలు విత్తేటప్పుడు సిడ్యూరాన్ వాడొచ్చు, అది ఆ రకాల మొలకలను వదిలి క్రాబ్‌గ్రాస్‌ను పట్టుకుంటుంది. మెసోట్రయోన్ కూడా టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ విత్తిన రోజే వేయగలిగిన మందు. దీని పుట్టుక కథ నాకు ఇష్టం. బాటిల్ బ్రష్ పొద కింద కలుపు తక్కువగా ఉండడం గమనించిన శాస్త్రజ్ఞులు, ఆ పొద విడిచే పదార్థాన్ని పట్టుకుని ఈ కుటుంబం దాకా వచ్చారు. కానీ గరిక జాతి గడ్డి దాని దెబ్బకు తెల్లగా పాలిపోతుంది కాబట్టి గడ్డిపోచ గారు దాని జోలికి పోకూడదు.

అన్నిటికంటే తేలిక దారి సమయాలను విడదీయడం. చలి గడ్డి శరదృతువులో విత్తండి, మందు వసంతంలో వేయండి. గరిక జాతికి విత్తనంతో పనే లేదు, ఎరువు, నీరు, కోత సరిగ్గా అందితే కాడలు పాకి బోడి మచ్చలను అదే కప్పుకుంటుంది.

మైదానం_కాపరి

ఆ చివరి మాటకు ఒక మెలిక ఉంది. పాకే కాడ ప్రతి కణుపు దగ్గర కొత్త వేరు దించాలి. నేల పైపొరలో డైనైట్రోఅనిలిన్ ఉంటే ఆ కొత్త వేళ్లూ మొద్దుబారతాయి. కాడ పాకుతుంది కానీ నేలను పట్టుకోదు, చేత్తో ఎత్తితే తివాచీలా లేచి వస్తుంది. దట్టమైన పచ్చికలో ఇది కనబడదు. కొత్తగా నాటిన పచ్చికలోనూ బోడి మచ్చల్లోనూ మాత్రం బాగా తెలుస్తుంది. అలాంటి చోట మేము ఆక్సాడయజాన్ గుళికలు వాడతాం. అది వేరును కాదు, పైకి లేచే మొలకను దెబ్బతీస్తుంది. ఒకటే జాగ్రత్త, ఆకు పూర్తిగా ఆరి ఉన్నప్పుడు చల్లాలి. మంచు తడి మీద చల్లితే గుళిక ఆకుకు అంటుకుని మచ్చలు మచ్చలుగా కాలుస్తుంది. చల్లిన వెంటనే నీరు పెట్టాలి. కొన్ని చోట్ల దీన్ని ఇళ్ల పచ్చికకు అనుమతించరు, లేబుల్ చూడకుండా కొనకండి.

నీడచెట్టు

మీరంతా లేబుల్ లేబుల్ అంటున్నారు. లేబుల్ ఉన్నంత మాత్రాన క్షేమమేనా? డీసీపీఏ అనే మందు 1958 నుంచి ఇలాగే మొలవకముందు వేస్తూ వచ్చారు, పచ్చికల్లో కూడా. గర్భస్థ శిశువుల థైరాయిడ్ హార్మోన్‌కు ముప్పని 2024 ఆగస్టులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అత్యవసరంగా నిలిపేసింది. దాదాపు 40 ఏళ్లలో అలాంటి అత్యవసర ఆదేశం అదే మొదటిది. అంతకాలం లేబుల్ చూసి కొట్టినవారు ఏమనుకోవాలి?

మొక్కజొన్న గ్లూటెన్ పిండి చల్లవచ్చు కదా. అదీ మొలక వేళ్లను ఆపుతుంది, విషమూ కాదు.

మట్టివాసన

నీడచెట్టు గారూ, డీసీపీఏ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. మందును నమ్మి కాదు, అవసరాన్నిబట్టి వాడాలన్న మీ పట్టుదలకు అది మంచి ఆధారం కూడా. అయితే అన్ని మందులనూ ఒకే గాటన కట్టడానికి కుదరదు. అట్రజిన్ అనే కలుపు మందు లీటరు నీటిలో 30 మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది, భూగర్భ జలాల్లోకి దిగుతుంది. ఐరోపా సమాఖ్య 2004లో దాన్ని పక్కనపెట్టడానికి కారణం అదే. పెండిమిథాలిన్ అందులో వందో వంతు కూడా కరగదు, మట్టిని వదలదు. దాని ముప్పు వేరే వైపు ఉంది. చేపలకు అది బాగా విషం. బాట మీద పడిన మందు, స్ప్రేయర్ కడిగిన నీళ్లు మురుగు కాలువలోకి పోకూడదు. కడిగిన నీళ్లు కూడా పచ్చిక మీదే కొట్టాలి. పిల్లలు, కుక్క విషయంలో: నీరు పెట్టి, ఆకు పూర్తిగా ఆరేవరకు రానివ్వకండి. కొట్టేటప్పుడు చేతి తొడుగులు, మూసిన చెప్పులు తప్పనిసరి. పసుపు మరక చర్మానికీ అంటుతుంది.

మొక్కజొన్న గ్లూటెన్ పిండిలో ఈ గుణాన్ని గుర్తించింది అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలోని నిక్ క్రిస్టియన్స్. 1991లో పేటెంటు కూడా వచ్చింది. చిక్కేమిటంటే, 10 చదరపు మీటర్లకు కిలో చొప్పున చల్లాలి. అందులో పదో వంతు నత్రజని. మొలక వచ్చిన వెంటనే నేల కొన్ని రోజులు ఎండాలి, లేదంటే మొద్దుబారిన మొలక తేరుకుంటుంది. ఆ రోజుల్లో వాన పడితే మీరు కలుపుకు ఎరువు వేసినట్టే. వేరే చోట్ల చేసిన పొలం పరీక్షల్లో ఫలితం నిలకడగా రాలేదు. ఎరువుగా మంచిదే, కలుపు మందుగా దాని మీద ఆశ పెట్టుకోను.

నీడచెట్టు

సరే, పిండి సంగతి వదిలేస్తాను. పీకడం మాత్రం వదలను.

చిగురు

చివరగా ఒకటి. మందు వేశాక గట్టిపడిన నేలకు రంధ్రాలు పొడిపిస్తే ఆ పొర తెగిపోతుందా?

మైదానం_కాపరి

అంతగా భయపడక్కర్లేదు. మట్టి కడ్డీలు తీసే యంత్రంతో రంధ్రాలు వేసి చూసిన విశ్వవిద్యాలయ పరీక్షల్లో క్రాబ్‌గ్రాస్ అదుపు పెద్దగా తగ్గలేదు. అయినా ముందు రంధ్రాలు, తరువాత మందు అన్న వరుసే నాకిష్టం. గడ్డి కింద పేరుకున్న ఎండు పొరను దువ్వి తీసే పని మాత్రం కచ్చితంగా మందుకు ముందే కావాలి. ఆ పొర మందమైతే మందంతా అదే పీల్చుకుంటుంది, మట్టిదాకా చేరదు.

గడ్డిపోచ

నాకు దారి దొరికింది. ఈ వారం తుంగ ఉన్న చోట్లకు పుల్లలు గుచ్చి గుర్తు పెడతాను, తవ్వగలిగినవి తవ్వి, మిగిలినదానికే హాలోసల్ఫ్యూరాన్. అంచుల గడ్డి చేత్తో పీకుతాను. స్ప్రేయర్ కొలత, డబ్బాలతో నీటి కొలత తీరిక ఉన్నప్పుడే చేసి పెట్టుకుంటాను. ఇంకో సందేహం: పచ్చికలో అక్కడక్కడ పులిచింత, వెడల్పాకుల కలుపు కూడా ఉన్నాయి. వాటికి పెండిమిథాలిన్ చాలుతుందా?

పార_పలుగు

విత్తనం నుంచి లేచే పులిచింతను కొంతవరకు ఆపుతుంది, ఇప్పటికే పాకి ఉన్నదాన్ని కాదు. వెడల్పాకు కలుపు ఎక్కువగా ఉంటే ఐసాక్సబెన్ చూడండి, దాని గురి వాటి మీదే. గడ్డి జాతులను పెద్దగా ఆపదు కాబట్టి జంటగా వాడతారు. పాకిన పులిచింతను ముందు తీసేయండి. కాయలు పండితే చేయి తగలగానే చిట్లి విత్తనాలు మీటరు దూరం చిమ్ముతాయి, అందుకే పచ్చి కాయగా ఉన్నప్పుడే పీకి సంచిలో వేయండి. హాలోసల్ఫ్యూరాన్‌కు జిగురు మందు కలపమని లేబుల్ మీద ఉంటుంది, అది మరవకండి. తుంగ ఆకు మైనంగా ఉంటుంది, జిగురు లేకపోతే చుక్క జారిపోతుంది.

తూనికరాయి

కొట్టిన తేదీ, ఆ రోజు నేల వేడి, ఎన్ని నీళ్లు పట్టాయి అన్నవి డబ్బా మీదే మార్కర్‌తో రాసిపెట్టండి. కాగితం పోతుంది, డబ్బా పోదు.